బంగారయ్య పట్టీలో ఒకటో పేరు

పెనాల్టీ గీత సగంలో ఉండగా బంగారయ్య చెయ్యి ఆగిపోయింది.

డబ్బా అడుగున పొడిచిన చిల్లుల్లోంచి సున్నం కారుతూనే ఉంది. రెండు మేకుల మధ్య తాడు బిగించి కట్టి, నడుం వంచి, వెనక్కి వెనక్కి నడుస్తూ గీత వెయ్యడం అతని పద్ధతి. ముప్పై రెండేళ్ళలో అది వంకర పోయిన రోజు లేదు. ఇవాళ చెయ్యి ఆగిన చోట సున్నం కుప్పగా పడింది. ఆ కుప్పకేసి చూస్తూ అలాగే నిలబడిపోయాడు. నిన్న కాలేజీ ఆఫీసులో ఇచ్చి వచ్చిన కాగితంలో, అన్నిటికంటే పైన ఉన్న పేరు పక్కన తాను ఏం రాశాడో అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటి నంబరు రాశాడు.

అరవై ఒక్కేళ్ళ మనిషి బంగారయ్య. పొట్టివాడు. మెడ ఎండకు మాడి నల్లబడింది, వేళ్ళు సున్నానికి పగిలి ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. ఎడమ కంట్లో పొర కమ్ముకొస్తోంది. శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి వచ్చిన తాత రంగూన్ అహ్లోన్ పేటలో బియ్యం మిల్లులో మూటలు మోశాడు, తండ్రీ మూటలే మోశాడు. బంగారయ్య ఇప్పుడు యాంగోన్ అంటున్న ఆ ఊళ్ళోనే ఒక కాలేజీ మైదానంలో గడ్డి కోసే పనికి చేరి, ఆ గడ్డిలోనే ముసలివాడయ్యాడు. గీతలు వేస్తాడు, బంతుల్లో గాలి కొడతాడు, వలలకు మాట్లు వేస్తాడు. కాలేజీలో అందరికీ ఉ ష్వే, బర్మా మాటలో ష్వే అంటే బంగారమే. ఇంటి దగ్గర బంగారయ్య. అతని గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏమీ ఉండేది కాదు, ఆ పుస్తకం ఒకటి లేకపోతే.

అట్ట ఊడిపోయి గుడ్డ చుట్టిన పెద్ద పుస్తకం అది. కాలేజీ జట్టు ఆడిన ప్రతి ఆటా అందులో ఉంది. ఎవడు గోలు కొట్టాడు, ఎవడు అందించాడు, వాన పడిందా, అవతలివాళ్ళు పదకొండుమందీ వచ్చారా, అన్నీ రాస్తాడు. కాలేజీ మూసేసిన ఏళ్ళకు ఖాళీ పేజీలు వదిలాడు. రాయమని అడిగినవాడు లేడు, రాసినందుకు మెచ్చుకున్నవాడూ లేడు. చిన్నప్పుడు గుడి వెనక పాకలో నేర్పిన తెలుగు అక్షరాలు తప్ప అతని చేతికి వేరే లిపి చురుగ్గా రాదు కాబట్టి పుస్తకమంతా తెలుగే. కాలేజీలో దాన్ని చదవగలిగినవాళ్ళు ఇద్దరు. ఒకడు బంగారయ్య, రెండోది టైపు చేసే మల్లిక.

బర్మావాళ్ళకు ఇంటిపేర్లుండవు. ఒక ఏడాది జట్టులో ఆంగ్ చో అనే పేరువాళ్ళు ముగ్గురు తేలారు. ముగ్గురూ గోల్స్ కొట్టేవాళ్ళే. తెలుగువాడికి ఇంటిపేరు లేని మనిషి ఒక పట్టాన మనసులో కుదురుకోడు. అందుకని ప్రతి ఆటగాడికీ బంగారయ్యే ఒక ఇంటిపేరు కట్టాడు: తండ్రి పేరు, వీధి, ఇంటి నంబరు. ఇల్లు మారితే పాతది కొట్టేసి కొత్తది రాస్తాడు. ఆడడం మానేసినవాళ్ళకు కూడా మారుస్తాడు. అదొక పిచ్చి.

ఈ ఏడు జట్టుకు వార్షికోత్సవం చేద్దామనుకున్నారు. ఒకే ఒక్క సీజన్‌లో అందరికంటే గొప్పగా ఆడిన పదిమందిని వరసపెట్టి రాసిమ్మని ఆటల ఆఫీసరు ఉ టున్ మింట్ అతన్ని అడిగాడు. ముప్పై రెండేళ్ళలో ఒకరు అతన్ని అభిప్రాయం అడగడం అదే మొదలు. పది రోజులు అన్నం సయించలేదు బంగారయ్యకు. పంతొమ్మిది గోల్స్ కొట్టినవాణ్ణి రెండో స్థానానికి దించాడు, అందులో ఎనిమిది గోల్స్, తొమ్మిదిమందితోనే దిగిన ఒక బక్క జట్టు మీద కొట్టినవి. ఏడాది మొత్తానికి నాలుగే గోల్స్ వదిలిన గోల్‌కీపరును మూడు చేశాడు, వాడు కొండలా నిలబడ్డా వాడి ముందున్నవాళ్ళూ గట్టివాళ్ళే మరి. ఏడోవాడికీ ఎనిమిదోవాడికీ మధ్య మూడు రోజులు నలిగిపోయాడు. తాను పనిలో చేరకముందు ఆడినవాళ్ళను అసలు ముట్టుకోలేదు. చూడనివాణ్ణి ఎలా తూచడం?

ఒకటో పేరు దగ్గర ఇంకో చిక్కొచ్చింది. రెండు వేల పంతొమ్మిదిలో ఆడిన సితు. పద్నాలుగు గోల్స్, పదకొండు గోల్స్‌కు బంతి అందించాడు, చివరి మూడు ఆటలూ విరిగిన బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఆడాడు. సితు కాలేజీ పేరు. ఇంట్లో సూర్య. బంగారయ్య అక్క అచ్చమ్మ కొడుకు. సొంత మేనల్లుణ్ణి మొదట పెడితే నలుగురూ నవ్వుతారని వాణ్ణి రెండు చేశాడు, మళ్ళీ ఒకటి చేశాడు, మళ్ళీ రెండు చేశాడు. చివరికి పుస్తకమే గెలిచింది. ఆ ఉత్సాహంలో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు, కూడబలుక్కుంటూ, బర్మా అక్షరాల్లోకి ఎత్తి రాశాడు.

సూర్యకు ఇప్పుడు ఇరవై ఆరు. వేసవిలో వార్డులో తీసిన చీటీల్లో వాడి పేరొచ్చింది. సైన్యంలో చేరాలి. అలా వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చినవాణ్ణి ఆ వీధిలో ఇంతవరకు ఎవరూ చూడలేదు. కొడుకు సరిహద్దు దాటి థాయ్‌లాండ్ పోయాడని అచ్చమ్మ అందరికీ చెప్పింది. నాలుగు నెలలుగా వాడు ఆవిడ వంటింటి అటక మీద ఉన్నాడు. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరిలో ఒకడు వాడి పేరు పక్కన ఇంటి నంబరు రాసి, "ప్రస్తుతం తల్లి దగ్గర" అని కూడా చేర్చాడు.

సున్నం డబ్బా అక్కడే వదిలేసి బస్సెక్కాడు. దారిలో ఒకచోట బస్సు ఆపి, తుపాకీ ఉన్నవాడొకడు ఎక్కి, మొహాలు చూసి దిగిపోయాడు. వాడు తన మొహంలోనే ఇంటి నంబరు చదివేశాడేమోననిపించింది బంగారయ్యకు.

ఊరి నడుమ చౌక్తడాలో కాలేజీ ఆఫీసు మేడ ఎక్కేసరికి పదకొండు దాటింది. మల్లిక కంప్యూటరు ముందు ఉంది.

"అమ్మా మల్లికా, నిన్న నానిచ్చిన కాయితమేటైందే?"

"టైపు సేసీసేను బాబాయ్. ఒకటి సారు బల్ల మీదుంది, ఒకటి ఫ్లెక్సీవోడికిచ్చేను, ఇంకోటి వార్డు ఆఫీసుకెల్లింది."

"వార్డు ఆఫీసుకేటి?"

"సభకి పర్మిషన్ కావాల గదా. ఒచ్చీవోళ్ళ పేర్లు, ఇల్లు నంబర్లు ముందే ఇయ్యాలంట. ఆళ్ళు ఏ పేటోళ్ళ పేర్లు ఆ పేటకి పంపించి సూసుకుంటారంట. నీ కాయితంలో అన్నీ రెడీగున్నాయని సారు సంబరపడిపోనారు."

"ఎప్పుడెల్లింది?"

"పదింటికి. సాయంత్రానికల్లా సూసీసి పంపుతామన్నారు. ఏటి బాబాయ్, అలగైపోనావు?"

బంగారయ్య ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. మాటలు బర్మాలో జరిగాయి. మొదటి పేరు తప్పు పడిందన్నాడు. గోల్స్ లెక్క పొరపాటైందన్నాడు. జీవితంలో ఆట గురించి అతను ఆడిన మొదటి అబద్ధం అదే, అది కూడా సరిగ్గా ఆడలేకపోయాడు.

ఉ టున్ మింట్ నవ్వాడు. "పొరపాటా? ఆ ఫైనల్‌లో నేను వానలో తడుస్తూ ఉన్నాను. ఆ కుర్రవాడు కుంటుతూ కొట్టిన గోలు నాకిప్పటికీ కళ్ళముందుంది. పట్టీలో తప్పులుంటే ఉండొచ్చుగానీ ఒకటో నంబరు మాత్రం తప్పు కాదు."

"లెక్క తప్పాను సారూ. ఆ పేరు తీసెయ్యండి."

ఆఫీసరు నవ్వడం మానేశాడు. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. "అతను మీకేమవుతాడు?"

"అక్క కొడుకు."

"థాయ్‌లాండ్‌లో ఉన్నాడని విన్నానే."

బంగారయ్య "తల్లి దగ్గర" అన్న మాట మీద వేలు పెట్టాడు. ఆఫీసరు బల్ల మీది కాగితం ముందుకు లాక్కుని, మొదటి పేరునూ దాని పక్కనున్నదాన్నీ అక్కడ కాగితం చిరిగేదాకా కొట్టేశాడు. "ఫ్లెక్సీ ఆపిస్తాను. వార్డుకు వెళ్ళినదాన్ని వెనక్కి అడగలేను. అడిగితే ఎందుకంటారు. మీరు ఇంటికి వెళ్ళండి, ఉ ష్వే. తొందరగా వెళ్ళండి."

ఇన్నేళ్ళూ తెలుగులో ఎవరికీ కనపడకుండా ఉన్న ఇంటి నంబరును తన చేత్తోనే వీధిలో పెట్టాడు. అహ్లోన్ వెళ్ళే బస్సులో బంగారయ్య తనను తాను తిట్టుకోవడానికి కూడా ఓపిక లేక కూర్చున్నాడు. భయం తప్ప ఇంకేమీ లేదు ఒంట్లో.

పాత మిల్లు గోడకు ఆనుకుని చెక్క ఇల్లు అచ్చమ్మది. ఆవిడ గడపలో కూర్చుని సాయంత్రం అమ్మకానికి బఠాణీలు ఏరుతోంది. తమ్ముణ్ణి చూసి చేట పక్కన పెట్టింది.

"ఏటిరా, ఈయేళప్పుడొచ్చావు? ఆ మొగమేటి అలగుంది?"

"లోపలికి రా అప్పా."

తలుపేసి, వంటింట్లో నిలబడి, గుసగుసగా అంతా చెప్పాడు. అచ్చమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. ఏడిస్తే పక్కింటికి వినపడుతుంది. కాసేపటికి కొంగు తీసి, "ముప్పై ఏళ్ళు ఆ పుస్తకం రాసి ఏటి బావుకున్నావురా?" అంది. గొంతులో కోపం కూడా లేదు. అదే ఇంకా భయపెట్టింది బంగారయ్యను.

అటక మీది చెక్క జరిగింది. సూర్య నిచ్చెన దిగాడు. ఎండ తగలక పాలిపోయాడు, గడ్డం పెరిగింది. పైనుంచి అంతా విన్నట్టున్నాడు. కుండలోంచి నీళ్ళు ముంచి ముందు మేనమామకిచ్చాడు.

"కూకో మావయ్యా. తాగు."

"నానే రాసినానురా. నా సేత్తో నానే రాసినాను."

"ఏ నంబరేసినావు నాకు?"

బంగారయ్య గ్లాసులోకి చూస్తూ, "ఒకటి," అన్నాడు.

"నాలుగే గోల్స్ వొదిలిన ఆ కీపరుండగా నానొకటేటి? మేనల్లుడ్నని ఏసీసినావు."

"కాదురా. పదిరోజులు తిప్పి తిప్పి సూసినాను. నువ్వే."

సూర్య నవ్వాడు. నాలుగు నెలల్లో వాడు నవ్వడం అచ్చమ్మ చూసింది అప్పుడే. ఆ నవ్వు చూశాక బంగారయ్యకు ఏడుపు ఆగలేదు. గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇలాంటి రోజు ఒకటి వస్తుందని వాళ్ళు ముందే అనుకుని ఉన్నారు. రేవులో సత్తిబాబు పడవ ఉంటుంది. అతను అచ్చమ్మకు వరసకు మరిది. అవతలి గట్టు చేరిస్తే అక్కడినుంచి సూర్య దారి సూర్య చూసుకోవాలి. అచ్చమ్మ అన్నం, ఎండుచేప ఆకులో కట్టింది. సూర్య గడ్డం గీసుకోలేదు. పాత లుంగీ కట్టి, పొట్టు నింపిన గోనె మూటను మొహం సగం కప్పేలా నెత్తిన పెట్టుకున్నాడు. మూట మోసేవాణ్ణి రేవులో ఎవరూ పట్టించుకోరు. వాళ్ళ ఇంట్లో రెండు తరాల మగవాళ్ళు అలాగే ఎవరికీ కనపడకుండా బతికారు.

గడప దాటేముందు తల్లి కాళ్ళకు దణ్ణం పెట్టాలని వంగబోయాడు. మూట జారుతుందని ఆవిడే వద్దంది.

"ఎల్లొస్తానమ్మా," అన్నాడు. పట్టపగలు, మూడు గంటలకు, మిల్లు గోడ పక్కన కాస్త కుంటుతూ నడిచి, మలుపు తిరిగాడు. బంగారయ్య కిటికీ సందులోంచి చూస్తూ అడుగులు లెక్కపెట్టాడు. అలవాటు.

నాలుగున్నరకు వార్డు ఆఫీసునుంచి ఇద్దరు వచ్చారు. ఒకడి చేతిలో మల్లిక టైపు చేసిన కాగితం ఉంది. ఆ అక్షరాల పొందిక బంగారయ్య దూరంనుంచే గుర్తుపట్టాడు.

"ఒకటో నంబరు ఎక్కడ?" అని అడిగాడు కాగితం ఉన్నవాడు.

థాయ్‌లాండ్‌లో ఉన్నాడంది అచ్చమ్మ.

"మరి తల్లి దగ్గరున్నాడని రాసిందెవరు?"

"నేనే," అన్నాడు బంగారయ్య. "పాత పుస్తకం చూసి ఎత్తి రాశాను. ముసలివాణ్ణి. కళ్ళు సరిగా కనపడవు. తప్పైంది."

రెండోవాడు అప్పటికే నిచ్చెనెక్కాడు. పైన చెక్కలు కిర్రుమన్నాయి. చాప కింద పడింది, దాని వెనకే దుప్పటి. దుప్పటి మడతలోంచి చిన్నదేదో జారి వంటింటి నేల మీద పడింది. పడిన చప్పుడు కూడా కాలేదు.

"ఇదేమిటి?"

"పిల్లి ఆడుకుంటుంది," అంది అచ్చమ్మ. ఆ ఇంట్లో పిల్లి లేదు.

వాడు దాన్ని కాలితో తన్నాడు. అది దొర్లుకుంటూ పొయ్యి కిందికి పోయింది. కాగితం ఉన్నవాడు మొదటి పేరు పక్కన ఏదో రాసుకుని, కబురు తెలిస్తే చెప్పమని, చెప్పకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

అచ్చమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. సత్తిబాబు దగ్గర్నుంచి కబురింకా రాలేదు. బంగారయ్య మెల్లగా వంగి పొయ్యి కింద చెయ్యి పెట్టాడు.

గుప్పిట్లో పట్టేంత గుడ్డ బంతి. పాత బనియన్లూ మేజోళ్ళూ ఒకదాని మీద ఒకటి చుట్టి, వలతాడుతో గట్టిగా కుట్టినది. లేచి నిలబడే ఎత్తు కూడా లేని ఆ అటక మీద, వీధికి వినపడకుండా, కూర్చునే ఒక కాలినుంచి ఇంకో కాలికి వేసుకుంటూ నాలుగు నెలలు ఆడిన బంతి. కాలు తగిలే వైపు పైగుడ్డ అరిగి చిరిగిపోయి, లోపలి కాలేజీ ఎర్ర మేజోడు రూపాయంత మేర కనిపిస్తోంది.