పొడి దిండు

పొద్దున్న ఆరున్నరకి హాస్టల్ రెండో అంతస్తులో అమ్మాయిలందరూ బకెట్లు పట్టుకుని స్నానాల గదుల ముందు వరసకడతారు. పదకొండో నంబరు గదిలో పెద్దది మాత్రం మంచం అంచున కూర్చుని, తల పక్కకి వంచి, జడ పిండుకుంటుంది. అర బకెట్ సముద్రపు నీళ్ళొస్తాయి. ఒక్కోరోజు చిటికెడు ఇసుకో, ఓ గవ్వో కూడా రాలతాయి. అటుగా వెళ్ళే వార్డెన్, "వరండాలో పిండకమ్మా, ఎవరైనా జారి పడతారు," అని తన దారిన తను పోతుంది.

వాళ్ళింట్లో అదేం కొత్త కాదు. అమ్మమ్మకీ అంతేనట. బట్టతల లాగే ఇదీ ఒక తరం వదిలి వస్తుందని ఇంట్లో అనుకునేవాళ్ళు. చిన్నదాని కడుపుమంటంతా అక్కడే. చిన్నదంటే పెద్దదాని పిన్ని కూతురు, అదే గదిలో రెండో మంచం. వయసులో పదకొండు రోజులు వెనక. ఆ పదకొండు రోజుల పుణ్యాన జీవితాంతం "అక్కా" అని పిలవాలి, సరే, పోనీ. కానీ ఆ అమ్మమ్మ తనకీ అమ్మమ్మే కదా! తన జడ దులిపితే రాలేది చుండ్రు ఒక్కటే.

పైగా సముద్రం పిచ్చి ఉన్నది చిన్నదానికి. పెద్దదానికి పీతకీ రొయ్యకీ తేడా తెలీదు. రోజూ దిండు ఎండలో వేసుకోవడం తప్ప సముద్రంతో దానికే పనీ లేదు.

కాలేజీలో జీవశాస్త్రం మేడమ్ ఏడాది మొదట్లోనే చెప్పింది. "మీ గదుల్లో చిన్న పగడాల అక్వేరియం పెట్టండి. ఏడాది చివర్లో ఎవరిది నిండుగా బతికుంటే వాళ్ళు సెలవుల్లో నాతో తీరంలో ఉన్న పరిశోధనా కేంద్రానికి రావచ్చు. ఒక్కరికే చోటుంది."

ఆ ఒక్క చోటూ తనదేనని చిన్నది అప్పుడే రాసిపెట్టేసుకుంది. రెండొందల పేజీల నోట్‌బుక్కు తెచ్చి ప్లాను మొదలుపెట్టింది. నలభై లీటర్ల తొట్టి. నీళ్ళూ రాళ్ళూ కలిపి యాభై కిలోల పైమాటే కాబట్టి కాలు ఊగే హాస్టల్ బల్ల పనికిరాదు, ఇటుకల మీద చెక్క వేయాలి. కిటికీ పక్కన వద్దు, ఎండకి నాచు పడుతుంది. మోటారు తీగని ప్లగ్గు కంటే కిందికి వేలాడేయాలి, బొట్టు జారినా నేల మీదే పడేలా. నీళ్ళు పోశాక ఆరు వారాలు ఏ ప్రాణినీ వేయకూడదు, రాళ్ళలో కంటికి కనపడని సూక్ష్మజీవులు కుదురుకోవాలి. ప్లాను ఎంత బ్రహ్మాండంగా కుదిరిందంటే, కాగితం మీదే ఆరు నెలలు గడిచాయి. "ఆలస్యం అమృతం విషం తల్లీ!" అని పక్కగది వాళ్ళు ఏడిపించేవాళ్ళు.

"ఉప్పు పాకెట్లు దేనికే? రోజూ అర బకెట్ పారబోస్తున్నాగా," అంది పెద్దది, చిన్నది ఎట్టకేలకి తొట్టి నింపుతున్న రోజు.

"నా తొట్టిలో నీ నీళ్ళు చుక్క పడ్డానికి వీల్లేదు."

"అమ్మో, ఎంత కోపమో!" అని నవ్వి, పెద్దది ఆ పూట నీళ్ళని ఓ పాత గాజు జాడీలో పోసి కిటికీలో పెట్టింది. ఊరికే, సరదాకి.

వారం తిరక్కుండా ఆ జాడీలో ఊదారంగు పగడం మొలిచింది. పదోరోజుకి ఎర్ర రొయ్యపిల్ల వచ్చింది. మోటారు లేదు, లైటు లేదు, నోట్‌బుక్కు అసలే లేదు. తలకి తువ్వాళ్ళు చుట్టుకున్న అమ్మాయిలు వరస వదిలేసి మరీ వచ్చి చూసి పోయేవాళ్ళు. గోరుచుట్టు మీద రోకటిపోటులా అమ్మ ఫోను. "అక్క జాడీ అంత బాగుందటగా! కాస్త దాన్ని చూసి నేర్చుకోవే." చిన్నదానికి అన్నం సయించలేదు.

ఓ మధ్యాహ్నం పెద్దది జాడీ ముందు వంగి అడిగింది. "ఏమేవ్, నీళ్ళు రెండు వేళ్ళు తగ్గాయి. ఏం పొయ్యమంటావ్?"

చిన్నదానికి తెలుసు. నోట్‌బుక్కు మూడో పేజీలో ఎర్రసిరాతో రెండు గీతలు గీసి మరీ రాసుకుంది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు, కాబట్టి తగ్గినంత మేరా మంచినీళ్ళే పోయాలి.

"సముద్రపు జీవాలు కదా, నీ జడ నీళ్ళే పొయ్యి," అంది తలెత్తకుండా.

"అంతేనంటావా? సరే, నీకు తెలిసినంత నాకేం తెలుసు," అని పెద్దది రోజూ అలాగే పోసింది.

మేడమ్ రేపొస్తుందనగా జాడీలో పగడం ముడుచుకుపోయింది. రొయ్య ఓ మూల ఒరిగి ఉంది. చిన్నదాని తొట్టిలో నాలుగో వారం, వట్టి రాళ్ళే. అయినా జాడీ చస్తే ఆ అంతస్తులో మిగిలేది ఈ తొట్టి ఒక్కటే.

పెద్దది కత్తెర తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టి, వీపు తిప్పి కూర్చుంది. "నా జడ కత్తిరించెయ్. వెనక నాకందదు."

"పిచ్చా నీకు?"

"నా నీళ్ళలోనే ఏదో విషముంది. పాపం, నోరులేని జీవాలే."

చిన్నది జడ పట్టుకుంది. బరువుగా, చల్లగా ఉంది. ఒక్కసారి కత్తెర ఆడిస్తే జడా పోతుంది, జాడీ పోతుంది, తీరం తనదవుతుంది. ఇన్నేళ్ళూ ఏడ్చింది దీనికేగా! చెయ్యి మాత్రం కదల్లేదు.

"మంచినీళ్ళు పొయ్యాలక్కా," అంది చివరికి. "ఉప్పు ఆవిరవ్వదు. నాకు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పా."

పెద్దది గిరుక్కున వెనక్కి తిరిగింది. చెల్లెలి వీపు మీద ఒక్కటి చరిచింది, గట్టిగా.

"ఇప్పుడేం చేస్తే బతుకుతాయి? చెప్పు త్వరగా!"

సాయంత్రం దాకా ఇద్దరూ జాడీ దగ్గరే కూర్చున్నారు. గ్లాసుతో ఉప్పునీళ్ళు కొంచెం తీయడం, చెంచాతో మంచినీళ్ళు పోయడం, మీటరుతో ఉప్పు కొలవడం. ఎండ వాలేసరికి రొయ్య మీసం ఆడించింది. పగడం ఒక్కో వేలూ విప్పింది.

"హమ్మయ్య!" అని పెద్దది మళ్ళీ వీపు తిప్పింది. "ఇక కత్తిరించు."

"ఇంకా ఎందుకక్కా?"

"పుట్టిన దగ్గర్నుంచీ తడి దిండు మీదే పడుకుంటున్నానే. మెడ నొప్పి, చెవుల్లో నీళ్ళు. నువ్వా పొడి దిండు మీద బోర్లా పడి గుర్రు పెడుతుంటే ఎంత కుళ్ళుకునేదాన్నో నీకేం తెలుసు!"

చిన్నది మళ్ళీ జడ పట్టుకుంది. ఈసారి కత్తిరించింది.

మర్నాడు మేడమ్ వచ్చి తొట్టిని చూసి, జాడీని చూసి, పెద్దదాని పేరు రాసుకుంది. "మా చెల్లిని తీసుకెళ్ళండి మేడమ్, దానికే ఇష్టం," అని పెద్దది బతిమాలింది. "జాడీ ఎవరిదైతే వాళ్ళే," అంది మేడమ్. చిన్నది పెట్టె మోసుకెళ్ళి అక్కని బస్సెక్కించి, తిరిగొచ్చి తలుపేసుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

సెలవులకి ఇంటికెళ్ళకుండా తొట్టి కోసం హాస్టల్లోనే ఉండిపోయింది. సెలవుల మొదటి రోజు తెల్లారి మెడ కింద చల్లగా తగిలి లేచింది. దిండంతా తడి. జడ పిండితే అర బకెట్ నీళ్ళొచ్చాయి, ఓ గవ్వ కూడా పడింది. "వరండాలో పిండకమ్మా," అంది వార్డెన్. "అక్క తీయించేసుకుందిగా, మరి అదెక్కడికి పోతుంది? నీకే వస్తుంది," అంది ఫోన్లో అమ్మ, గ్యాస్ అయిపోయిన సంగతి చెప్పినంత మామూలుగా.

చిన్నది మీటరు పెట్టి చూసింది. ఉప్పు సరిగ్గా ఉండాల్సినంతే ఉంది. జన్మంతా కోరుకున్న నీళ్ళు! దానికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తొట్టిలో నీళ్ళు వేలెడు తగ్గి ఉన్నాయి. బకెట్ పక్కన పెట్టి, మంచినీళ్ళ చెంబు అందుకుంది.

ఇంతలో తీరం నుంచి పెద్దది ఫోను చేసింది. "తొమ్మిదయినా మెలకువ రాలేదే ఇక్కడ. దిండు పొడిగా ఉంటే ఇంత హాయా! ఇన్నేళ్ళూ ఒక్కమాటైనా చెప్పలేదేం?"

చిన్నదానికి ఒళ్ళు భగ్గుమంది. పద్దెనిమిదేళ్ళు పడుకుంది ఆ పొడి దిండు మీద, ఒక్క రాత్రీ గమనించలేదు. ఫోను పెట్టేసి, తడి దిండు తీసుకెళ్ళి కిటికీలో, అక్క రోజూ ఆరేసుకునే చోటే, ఎండలో వేసింది.