జవాబు రాని ప్యాచ్‌లు

ఉదయ్‌భాస్కర్‌కి ఫణిశ్రీ అంటే గిట్టకపోవడానికి కారణం ఆమె సోమవారం సోమవారం పంపే మెయిల్.

2004 నాటి మాట. ఉదయ్‌భాస్కర్‌ది కొవ్వూరు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతూనే, కంప్యూటర్‌లో తెలుగు టైపు చేసుకోవడానికి ‘వశిష్ఠ’ అనే ప్రోగ్రామ్ రాశాడు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు అని ఇంటర్నెట్‌లో పెట్టాడు. బాగుచేసినవాళ్లు ప్రోగ్రామ్‌లో తాము మార్చిన పంక్తులను, అందరూ చదివే మెయిలింగ్ లిస్టుకు పంపేవారు. వాటినే ప్యాచ్‌లంటారు. వాటిని వశిష్ఠలో కలపడమా మానడమా అన్నది ఉదయ్‌భాస్కర్ ఒక్కడి చేతిలో పని. నచ్చితే కలిపేవాడు. నచ్చకపోతే పలికేవాడు కాదు. నెల తిరిగేసరికి ఆ ప్యాచ్ కొత్త మెయిళ్ల కింద పడి అజాపజా లేకుండా పోయేది.

ఫణిశ్రీ రాజమండ్రిలో డిగ్రీ కాలేజీ లెక్చరర్. ఆ లిస్టు శ్రద్ధగా చదివేది. వశిష్ఠలో ‘లక్ష్మి’ అని కొడితే ప్రింటులో మకారం విడిపోయి పక్కన పడేది. రామచంద్రపురం ఇంజనీరు దుర్గాసాయి దాన్ని సరిచేసి పంపాడు. పలుకు లేదు. మళ్లీ పంపాడు. అప్పుడూ లేదు. "గోడతో చెప్పుకున్నట్టుంది. ఇక సెలవండి" అని రాసి లిస్టు నుంచి వెళ్లిపోయాడు.

ఆ మాట ఫణిశ్రీకి చురుక్కుమంది. పాత మెయిళ్లన్నీ తిరగేసి, జవాబు రాని ప్యాచ్‌లు ఏరి, పంపినవాళ్ల పేర్లతో సహా లిస్టుకు పెట్టింది. పై సోమవారం మళ్లీ పెట్టింది.

"ఇదేమైనా అటెండెన్స్ రిజిస్టరా అండీ? నేను మీ స్టూడెంట్‌నా?" అని ఉదయ్‌భాస్కర్ అందరి ముందూ రాశాడు. ఆమె తరువాతి సోమవారం మరో రెండు చేర్చి పంపింది.

"ప్యాచ్ రాయడం చేతకానివాళ్లే పక్కవాళ్ల ప్యాచ్‌లు లెక్కపెడతారు" అని ఈసారి జవాబు. స్టాఫ్ రూమ్‌లో అది చదివాక ఆమెకు అన్నం సహించలేదు. నిజమే, వశిష్ఠలో తాను రాసినది ఒక్క పంక్తీ లేదు. అయినా పంపడం మానలేదు. చివరికి ఓ సోమవారం ఆమె మెయిల్ తిరిగొచ్చేసింది. ఉదయ్‌భాస్కర్ లిస్టులోంచి ఆమె పేరు తీసేశాడు.

ఆ ఆదివారం ఫణిశ్రీ బస్సెక్కి, గోదావరి బ్రిడ్జి దాటి, కొవ్వూరులో అడ్రసు కనుక్కుని అతని ఇంటికే వెళ్లింది. ఉదయ్‌భాస్కర్ వసారాలో కుర్చీలోంచి లేవలేదు.

"ఎవరినడిగి తీసేశారండి నా పేరు?"

"లిస్టు నాది. తీస్తాను."

"ప్యాచ్‌లు మీవి కావుగా!"

"పంపినవాడు పంపేసి పోతాడండి. రేపది చెడితే ఫోన్లెవరికొస్తాయి, మీకా? కాలేజీ నుంచొచ్చి ఆ కంప్యూటర్ ముందు చచ్చేది నేను. మీరేమో వారం వారం నన్ను దోషిలా నిలబెడుతున్నారు."

ఆ సంగతి ఆమెకు ఇంతవరకూ తట్టలేదు. అయినా తగ్గలేదు.

"అయితే వద్దనండి. వద్దని రాయడానికి ఎంతసేపు?"

"వద్దంటే ఎందుకని అడుగుతారు."

"చెప్పండి. చెప్పలేకపోతే ఆ చేతకానితనం మీది."

అతను దిగ్గున లేచాడు. "నా ఇంటికొచ్చి నన్నే చేతకానివాణ్ణంటారా? లేవండి ముందు!"

"మీరు కూర్చోమంటేగా లేవడానికి!"

మంచినీళ్లు తెస్తున్న అతని భార్య ఉమాశ్రీ గుమ్మంలోనే ఆగిపోయింది. ఫణిశ్రీ గ్లాసు ముట్టకుండా మెట్లు దిగింది.

ఆ వారంలోనే ఉదయ్‌భాస్కర్ ఆమె పేరు మళ్లీ లిస్టులో చేర్చాడు. దయతో కాదు, తన జవాబులు ఆమె కళ్లారా చదవాలని. ఆగిపోయిన ప్యాచ్‌లన్నింటికీ వరసగా రాసుకుంటూ పోయాడు. "వద్దు. పాత కంప్యూటర్లలో ఆగిపోతుంది." "వద్దు. రాసిందేంటో రాసినవాడికైనా అర్థమవుతుందా?" దుర్గాసాయికైతే: "వద్దు. లక్ష్మి కుదిరింది, స్వాతంత్ర్యం చెడింది. పరీక్షించకుండా పంపడానికి సిగ్గుండాలి."

ఫణిశ్రీ దాన్ని దుర్గాసాయికి పంపింది. "ఈ ముక్క ఆర్నెల్ల కిందటే చెప్పి ఏడవచ్చుగా!" అని అతను మండిపడ్డాడు. ఆ మంటలోనే ‘స్వాతంత్ర్యం’ కూడా సరిచేసి పంపాడు. ఉదయ్‌భాస్కర్ తప్పు కోసం వెతికి వెతికి, దొరక్క, "కలిపాను" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. తక్కినవాళ్లలో కొందరు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. కొందరు తిట్టుకుంటూనే దిద్ది పంపారు. ఫణిశ్రీ లెక్కలో ‘వద్దు’ కూడా జవాబే. ఆమె మెయిల్ వారం వారం పొట్టిదవుతూ వచ్చింది.

మరుసటేడు మండపేటలో ఒక పెళ్లిలో ఎదురుపడ్డారు. ఆమెను చూడగానే ఉదయ్‌భాస్కర్ లేచి వేరే బంతికి వెళ్లిపోయాడు. ఉమాశ్రీ మాత్రం వచ్చి పక్కన కూర్చుంది.

"మీ మెయిల్ వస్తుందని ఆదివారమే కూర్చుని అందరికీ జవాబులు రాసేస్తారండి. మీ పేరెత్తితే మాత్రం ఒంటికాలి మీద లేస్తారు."

"ఆయన పేరెత్తితే నాకూ అంతేనండి" అంది ఫణిశ్రీ, విస్తరి ముందుకు లాక్కుంటూ.