విడిచిన చీర

"రొట్టెలు జర సన్నగ కొట్టు. కడక్ కాలాలె. మేస్త్రికి గూడ కలుపుకొని చెయ్" అన్నాడు పరమేష్, మంచం మీద నుంచి లేవకుండానే.

భాగ్యలక్ష్మి జొన్నపిండి ముద్దను చేత్తో కొడుతూనే ఉంది. రేపు తెల్లవారుజామున పూణె బస్సు. దారిలో తినడానికీ, దిగాక పొయ్యి కుదిరేదాకా తినడానికీ ఈ రొట్టెలే. మేస్త్రి బక్కయ్య ఒంటరి మగవాణ్ణి పనికి తీసుకుపోడు. ఆయనకు జోడీ కావాలి, మొగుడూ పెళ్లాం కలిసి. మొగుడు గోడ కడితే పెళ్లాం ఇటుకలు మోయాలి, కూలి మాత్రం మొగుడి చేతిలో పడుతుంది. ఆ తర్వాత నీళ్లు మోయడం, వండడం, కాళ్లు నొప్పులంటే నూనె రాయడం కూడా జోడీలో సగం మనిషే చేయాలి. ఆ సగం ఎవరో వేరే చెప్పక్కర్లేదు. "నువ్వు రాకుంటే నన్ను ఎవడు తీస్కపోతడే?" అని అతను ముద్దుగా అన్న రోజులూ ఉన్నాయి. కొత్తలో ఆ మాటకు ఆమె మురిసిపోయింది. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఆ ఊళ్లో వలసపోయే తల్లులకు ఒక పద్ధతి ఉంది. పిల్లలు నిద్రలో ఉండగానే బయలుదేరాలి. ముందు రోజంతా కట్టి విడిచిన చీరను ఉతకకుండా పిల్ల పక్కలో పెట్టాలి. తల్లి వాసన ఉంటే బెంగపడరంటారు. భాగ్య కూడా ఏటా అలాగే పెట్టి పోతోంది. కూతురు మల్లిక చిన్నప్పుడు ఒక్కసారి మాత్రం లేచి, కాళ్లకు చుట్టుకుని ఏడ్చింది. భాగ్య ఆగింది, బస్సు వెళ్లిపోయింది. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మళ్లీ ఎన్నడూ పిల్ల లేవలేదు.

"నా మనుమరాలు బంగారం. ఒక్క సుక్క ఏడ్వదు. తల్లికన్న నా తానే దానికి మంచిగుంటది" అని అత్త గుర్వమ్మ వాడంతా చెప్పుకుంటుంది. ఆ మాట గుచ్చుకున్నా, భాగ్యకు లోలోపల నిశ్చింతగానే ఉండేది. ఏడవని పిల్లను వదిలిపోవడం తేలిక.

సాయంత్రం బడి ముందు నాటకం. పాలమూరు నుంచి వచ్చిన రూప అనే అమ్మాయి కొన్నాళ్లుగా భాగ్యతో సహా వలస తల్లులను కూడేసి, వాళ్ల బతుకు వాళ్ల చేతనే ఆడిస్తోంది. చూసేవాళ్లు ఎవరైనా చప్పట్లు కొట్టి ఆపవచ్చు. లేచి వచ్చి, ఆ పాత్రలో తామే నిలబడి, మరోలా చేసి చూపవచ్చు.

మొదట పూణెలో నల్లా దగ్గర గొడవ ఆడారు. "ఎక్కడోళ్లు మీరు? మీ ఊరికి పోయి తాగుర్రి" అని, అక్కడివాళ్లుగా వేసినవాళ్లు భాగ్య బిందె తన్నేశారు. తర్వాత ఊరి సభ. వాడలోని పుల్లమ్మ భుజాన తువ్వాలు వేసుకుని ఊరి పెద్ద వేషం కట్టింది. "సర్కారు ఇండ్లు ఊళ్లె ఉండేటోళ్లకే. మీరు యాడుంటరు?" అంది. ఒక ముసలమ్మ చప్పట్లు కొట్టి లేచింది. "ఓట్లప్పుడు బస్సు పెట్టి పిలిపిస్తిరి గద! అప్పుడు ఈ ఊరోళ్లమేనా?" అంతా పగలబడి నవ్వారు. భాగ్య కూడా నవ్వింది కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అక్కడ పరాయి, ఇక్కడ లెక్కలోనే లేదు. తనదంటూ ఉన్నది ఆ బస్సులో సీటు ఒక్కటే.

చివరిది బయలుదేరే ఘట్టం. ఒకామె పిల్లలా పడుకుంది. భాగ్య ఆమె పక్కలో చీర పెట్టి, మునివేళ్ల మీద వెనక్కి నడుస్తుండగా చప్పట్లు వినిపించాయి. మల్లిక.

"నేను పండుకుంట" అని వచ్చి, చాప మీద వాలి కళ్లు మూసుకుంది. భాగ్య మళ్లీ చీర పెట్టింది, మళ్లీ వెనక్కి నడిచింది. పిల్ల కదల్లేదు.

"ఏం మార్చినవ్ పిల్లా?" అని ఎవరో నవ్వారు.

"ఇంక అయిపోలే. అమ్మ పోయినంక గద నేను కండ్లు తెరిసేది."

నవ్వులు ఆగిపోయాయి. మల్లిక కళ్లు తెరిచింది. చీరను మడిచి పొట్టకు హత్తుకుంది. "అవ్వ ఉతుకుతదని గడ్డివాములో దాస్త" అంది.

రూప పక్కన కూర్చుంది. "అమ్మను పిలవవా తల్లీ?"

"ఒకపారి పిలిసిన. అమ్మ ఆగింది. నాయిన అమ్మను కట్టెతోని కొట్టిండు. గందుకే పండుకున్నట్లే ఉంట."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుర్వమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లూ భాగ్య, పిల్ల నిద్రపోతోందని నమ్మింది. దెబ్బలు తనకు ఒక్క రోజు పడ్డాయి. పిల్ల అవి మళ్లీ పడకుండా ఏటా కాచుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చాక పరమేష్ ఒక్కటే మాట అన్నాడు. "ఊరందరి ముందట నా ఇజ్జత్ తీస్తిరి. బస్సెక్కు, ఆడ చెప్త."

తెల్లవారుజామున వాకిలి ముందు బస్సు హారన్ కొట్టింది. రొట్టెల మూట గడప దగ్గర ఉంది. మల్లిక కళ్లు గట్టిగా మూసుకుని పడుకుంది, రెప్పలు మాత్రం అదురుతున్నాయి. భాగ్య చీర పెట్టలేదు. పక్కన కూర్చుంది.

"నిమ్మలంగ రా, పిల్ల లేస్తది" అన్నాడు పరమేష్ గడప అవతల నుంచి.

భాగ్య గట్టిగా చప్పట్లు కొట్టింది. బస్సు దగ్గరున్న ఆడవాళ్లు తిరిగి చూశారు. పరమేష్ రెండంగల్లో లోపలికి వచ్చాడు. ఆమె అతని చేతి వైపు చూడలేదు.

"కండ్లు తెరువు బిడ్డా. ఎంత గట్టిగనన్న ఏడ్వు. కొట్టినా సరే, నేను ఆగుత."