గడియారం పక్కన నీలిబొమ్మ

భిలాయి సెక్టర్ 2లో పళ్ళ డాక్టరు గదిలో ప్రింటరు నమిలేసిన కాగితాన్ని పోలయ్య పట్టకారుతో ముక్కముక్కగా లాగుతుండగా ఫోను తొమ్మిదోసారి మోగింది. రుఆబాంధా పేటలోని బడి నుంచి. ఆరుసార్లు వస్తున్నానన్నాడు, రెండుసార్లు ఎత్తలేదు. ఈసారి ఎత్తి, కంప్యూటరును ముట్టుకోవద్దని, నెట్ తీగ పీకెయ్యమని చెప్పాడు. ఆ తీగ ఏ రంగులో ఉంటుందని అడిగారు. పోలయ్య కళ్ళు మూసుకుని, పసుపు అన్నాడు.

ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని. తండ్రి చీపురుపల్లి నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల వేడికి ముప్పై ఏళ్ళు కాగాడు. పోలయ్య ఎదిగేసరికి ప్లాంటులో ఉద్యోగాలివ్వడం ఆగిపోయింది. టైపు నేర్చుకున్నాడు, టైపు పోయింది. కంప్యూటరు నేర్చుకున్నాడు. ఊరవతలి ఉతై నుంచి సెక్టర్ల దాకా పద్నాలుగు చోట్ల మరమ్మతు అతనిదే. యంత్రం నడిచినన్నాళ్ళూ అతనొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆగిందా, అతనే పాడుచేసినట్టు మాట్లాడతారు. ఇంకెన్నాళ్ళీ తిరుగుడని భార్య కనకరత్నం అతని మోకాళ్ళకు నూనె రాస్తూ రోజూ అడుగుతుంది.

బడి ఆఫీసులో మనోజ్‌కుమార్ కుర్చీలో కూర్చోకుండా తిరుగుతున్నాడు. ఈ ఏడే వచ్చిన మేనేజరు. భిలాయిలోనే పుట్టిన తెలుగువాడు, తెలుగు మాట్లాడాలంటే మాటలు వెతుక్కుంటాడు. గుమస్తా ఇంద్రాణి గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఈ వారంలో నలుగురు తల్లిదండ్రులకు ఎవరో ఫోన్ చేసి, పిల్లవాడి పేరు, తరగతి, ఎక్కే బస్సు గడగడా చెప్పి బెదరగొట్టారట. ఆ వివరాలన్నీ ఉండేది ఇంద్రాణి కంప్యూటరులో. పొద్దున తెర మీద బాణం గుర్తు దానంతటదే కదలడం చూసి చెప్పింది కూడా ఆమే. చెప్పినందుకు ఇప్పుడు అనుమానమంతా ఆమె మీదకే వచ్చింది.

తెర మూల గడియారం పక్కన చిన్న నీలిబొమ్మ. ఎక్కడో దూరాన కూర్చుని ఈ కంప్యూటరును నడిపించే ప్రోగ్రాం అది. తాను వైరస్ పరీక్ష చేయించాననీ, ఏమీ లేదని వచ్చిందనీ మనోజ్‌కుమార్ మూడుసార్లు చెప్పాడు. పోలయ్యకు ఒళ్ళు మండింది. ఇది వైరస్ కాదని, మారు తాళంచెవి లాంటిదని, మరమ్మతు చేసేవాడూ వాడతాడు, దొంగా వాడతాడని, ఎవరు పెట్టారో, ఎవరి చేతికి చిక్కిందో చూడాలని బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

కూర్చుని ఒక్కొక్కటే చూశాడు. కంప్యూటరు వెలగగానే అదీ మేలుకుంటోంది. లోపలికొచ్చేవాడు ఇక్కడెవరినీ అడగక్కర్లేకుండా శాశ్వతంగా పాస్‌వర్డ్ పెట్టి ఉంది. ఏ బుద్ధిలేనివాడు పెట్టాడో అని గొణుక్కుంటూ రాకపోకల చిట్టా తెరిచాడు. ఈ నెలలో మూడుసార్లు ఎవరో తెలియని నంబరు నుంచి వచ్చారు. అంతకుముందు కొన్నేళ్ళు ఏమీ లేదు. దానికి ముందు రెండు నెలలు రోజూ ఒకే నంబరు. పెట్టిన తేదీ చూశాడు. లాక్‌డౌన్ ఏప్రిల్. ఆ నంబరు తన ఇంటి కంప్యూటరుది.

రోడ్లకు అడ్డంగా వెదుళ్ళు కట్టిన రోజులవి. పాసు మీద ఇంద్రాణి ఒక్కతే బడికొచ్చేది. జీతాల పట్టీ తెరుచుకోవడం లేదని ఏడుస్తూ ఫోన్ చేస్తే, ఇది నొక్కు, అది నొక్కు అంటూ ఈ ప్రోగ్రాం తనే పెట్టించాడు. పాస్‌వర్డ్ ఆమె కూతురు అమ్ము పేరు, దాని పక్కన ఒకటి రెండు మూడు. ఎవడైనా ఊహించగలిగేదే. రోడ్లు తెరిచాక తీసేద్దామనుకున్నాడు. తియ్యలేదు.

ఇంద్రాణి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఆ రోజు నొక్కింది నేనే గదేటి బాబాయ్. ఇప్పుడు నన్నేటి చేస్తారు?"

భర్త పోయాక ఆ కుర్చీ తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. పోలయ్య ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

"అంకుల్, సీదా చెప్పండి," అన్నాడు మనోజ్‌కుమార్. "ఇందులో మేడమ్ హాత్... చెయ్యి ఉందా?"

"లేదు బాబూ. పెట్టించింది నేను, తియ్యడం మర్చిపోయింది నేను. ఆమె నేను చెప్పినట్టు నొక్కింది, అంతే. ఆ సందులోంచే ఎవడో దూరినాడు."

"లిఖ్‌కే ఇస్తారా?"

రాసిచ్చాడు. చిట్టాకు ఫోటోలు తీసి జతచేశాడు. కంప్యూటరు ఆపేసి, పోలీసులు చూసేదాకా వెలిగించొద్దన్నాడు. తల్లిదండ్రులందరికీ ఈ పూటే హెచ్చరిక పంపమన్నాడు. మనోజ్‌కుమార్ కాగితం రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, పోలయ్యను రేపటి నుంచి రానక్కర్లేదని హిందీలో మర్యాదగానే చెప్పాడు.

పోలయ్యకు తన మీద తనకే చిరాగ్గా ఉంది. లాక్‌డౌన్‌లో ఇలా ఫోన్లో నొక్కించింది ఈ ఒక్క చోటే కాదు. ఇంకా పదమూడు చోట్లున్నాయి. ఎక్కడ తీశాడో, ఎక్కడ వదిలేశాడో ఇప్పుడు చెప్పలేడు. అన్నింటికీ వెళ్ళి చూడాలి, ఇదే మాట అన్నిచోట్లా చెప్పాలి, వాళ్ళూ రేపటి నుంచి రావద్దంటారు. ముందు పళ్ళ డాక్టరు దగ్గరికి, చీకటి పడేలోగా ఉతై.

ఇంద్రాణి టీ తెచ్చేసరికి అతని స్కూటరు గేటు దాటిపోయింది. పిలిచినా వినపడలేదు. కుర్చీలో అతను మరిచిపోయిన హెల్మెట్ వెల్లకిలా పడి ఉంది, తెగిన పట్టీకి ఎర్రదారంతో వేసిన కుట్లు, లోపలి గుడ్డలో ఇంకా ఆరని చెమట.