తడి ఆరేదాకా

తడి అడుగులు.

గుమ్మంలోంచి లోపలికి. సిమెంటు గచ్చు మీద, మంచాల వరస పక్కనుంచి, కిటికీ దగ్గర మంచం దాకా.

బయట వైశాఖపు ఎండ. ఆవరణలో వేపచెట్టు ఆకు కదలడం లేదు. కుళాయి కింద బొక్కెన ఎండిపోయింది. దాని అంచు మీద కాకి నోరు తెరుచుకుని కూర్చుంది. అంత ఎండలో — తడి అడుగులు.

మడమ. అరికాలి వంపు. వేళ్ళు.

కుడికాలికి చిటికెన వేలు లేదు.

వీరదుర్గ మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని చూస్తుంది. ఒక్కొక్క అడుగూ గచ్చు మీద పుడుతుంది. ముందు మడమ, తర్వాత వేళ్ళు. నడిచే మనిషి కనబడడు. చప్పుడు మాత్రం ఉంటుంది. తడి కాలు నేలని వదిలేటప్పటి చిన్న చప్పుడు. పడవ దిగి ఇంటికొచ్చే మనిషి చప్పుడు.

మంచం దగ్గరికొచ్చి ఆగుతుంది.

ఉప్పు వాసన. తడిసిన వల వాసన. కొంచెం బీడీ వాసన.

“వచ్చేవా నాన్నా,” అంటుంది వీరదుర్గ.

అంతే. ఇంకేమీ అడగదు. వచ్చాడు. చాలు.

*

గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర వాళ్ళ పల్లె. తాటాకు ఇళ్ళు, ఇళ్ళ ముందు ఆరబెట్టిన వలలు, వలల చుట్టూ కాకులు. మగవాళ్ళందరూ వేటకెళ్ళే పల్లె. అందుకే అక్కడ మనిషిని సాగనంపడానికి పద్ధతులెక్కువ. బయల్దేరిన మనిషిని వెనక్కి పిలవకూడదు. ఎక్కడికని అడగకూడదు. వెళ్ళొస్తానంటే, వెళ్ళిరా అనాలి. మనిషి కాళ్ళు కడుక్కుని గుమ్మం దాటాక అతని తడి అడుగులు వాటంతటవే ఆరాలి. ఆరేదాకా ఆ ఇంట్లో ఎవరూ చీపురు పట్టకూడదు.

ఊడిస్తే, తిరిగొచ్చే దారి చెరిగిపోతుంది.

ఇది ఆ పల్లెలో పాకే పిల్లలకి కూడా తెలుసు. వీరదుర్గకి అప్పటికి పదిహేనేళ్ళు. తెలియకేం.

తొంభై ఆరో సంవత్సరం. దీపావళి ఇంకా కొద్ది రోజులుంది. దీపావళికి చుడీదారు కావాలంది దుర్గ. వేట నుంచి వచ్చాక చూద్దామన్నాడు నాన్న గంగరాజు. దుర్గ మూతి ముడుచుకుంది. గంగరాజు నీళ్ళ గాబు దగ్గర కాళ్ళు కడుక్కుని, అరుగు మీద నడిచొచ్చి, చేపల చిక్కం భుజాన వేసుకున్నాడు.

“వెళ్ళొస్తానమ్మా.”

పలకలేదు.

“అమ్మా దుర్గా... వెళ్ళొస్తాను.”

పలకలేదు. గంగరాజు కాసేపు నిలబడ్డాడు. తర్వాత నవ్వుకుంటూ అరుగు దిగాడు.

పేడతో అలికిన అరుగు మీద అతని అడుగులు ఇంకా మెరుస్తున్నాయి. దుర్గ చీపురు తీసుకుంది. ఆ అడుగుల మీంచే — బరబరా ఊడ్చేసింది.

మర్నాడు గాలి లేచింది.

కొబ్బరిచెట్లు మొదలంటా విరిగాయి. కప్పులు ఎగిరిపోయాయి. సముద్రం ఊళ్ళోకొచ్చి, చూసి, వెళ్ళింది. పోయిన పడవల్లో కొన్ని వచ్చాయి. గంగరాజు పడవ రాలేదు. గంగరాజు రాలేదు. అతని చొక్కా ముక్కయినా రాలేదు.

దుర్గని ఎవరూ ఏమీ అనలేదు. చూసినవాళ్ళు లేరు కదా.

చూసింది చీపురొక్కటే.

ముందు దాన్ని తీసుకెళ్ళి కాలవలో పారేసింది. తర్వాత పక్కింటి చీపురు. తర్వాత ఆ వెనకింటిది. ఆడవాళ్ళు మొదట నవ్వారు. “ఏమే మరిడమ్మా, మీ పిల్లకి సారెలో చీపుళ్ళు పెడతావేంటే? ఇప్పట్నించే పోగేస్తంది!” అన్నారు. తర్వాత నవ్వలేదు. ఎవరు ఏ ఊరు బయల్దేరినా దుర్గ వాళ్ళ కాళ్ళకి చుట్టుకునేది. కూడు మానేసింది. అరుగు మీద కూర్చుని, ఎప్పుడో ఆరిపోయిన నేల వంక చూస్తూ... చూస్తూ...

సంక్రాంతి వెళ్ళాక మరిడమ్మ కూతుర్ని బస్సెక్కించి రాజమండ్రి తీసుకొచ్చింది. పిచ్చాసుపత్రి అనలేదు. పెద్దాసుపత్రి అంది.

*

ఆసుపత్రి బాగానే ఉంది.

పొద్దున్నే ఉప్మా. కిటికీలోంచి వేపపూల వాసన. డాక్టరు సత్యశ్రీగారు కసురుకోకుండా మాట్లాడతారు. మాత్రలు చేదు, కానీ నిద్ర తీపి. పక్క మంచం రత్నమాణిక్యంగారు. మండపేట వైపు మోతుబరి ఇంటి మనిషి. భర్త పోయాక ఏడాది పాటు ఒక్క మాట మాట్లాడలేదట. ఇక్కడికొచ్చాక ఆ ఏడాది బాకీ అంతా తీరుస్తోంది.

అడుగుల్ని దుర్గ తర్వాత మొదట చూసింది ఆవిడే. కేక పెట్టలేదు. కాళ్ళు పైకి ముడుచుకుని దారిచ్చింది.

“మీ నాన్నగారు పట్టపగలే వస్తారే అమ్మాయ్! మా ఆయనైతే బతికున్నప్పుడే పగలు కనపడేవారు కాదు.”

ఆయా చిట్టెమ్మ రెండో మనిషి. మధ్యాహ్నం చీపురుతో వార్డులోకొచ్చి, “ఎవరమ్మా నీళ్ళొలకబోసేరు?” అనేసరికి దుర్గ మంచం మీంచి దూకి, ఆ అడుగుల మీద అడ్డంగా పడుకుంది.

“అత్తా... ఆరేదాకా ఆగవా. నీకు దణ్ణం పెడతాను.”

చిట్టెమ్మది గోదావరి లంకలో ఊరు. ఆ మాట ఆమెకి తెలుసు. పిల్ల వంక చూసింది. గచ్చు వంక చూసింది. చీపురు గోడకి ఆనించింది.

“ఆయ్, ఆగుతానులే. నాకేమైనా రైలు పోతందేంటి?”

అప్పట్నించి రోజూ ఆగేది.

అడుగులు సాయంత్రానికి ఆరేవి. ఆరినచోట తెల్లగా ఉప్పు గీతలు మిగిలేవి. అప్పుడు ఊడ్చేది చిట్టెమ్మ, ముగ్గు చెరిపినంత మెల్లగా.

దుర్గ అన్నం తినడం మొదలుపెట్టింది. జడ వేసుకుంది. రత్నమాణిక్యంగారి జోకులకి నవ్వింది. సత్యశ్రీగారు సంతోషించారు. “ఇంకేం, ఇంటికెళ్ళిపోవచ్చు నువ్వు,” అన్నారు.

దుర్గ మంచం పట్టె పట్టుకుంది.

ఇంటికా? ఇంటి దారి ఊడ్చేసింది కదా. నాన్న ఇక్కడికి రాగలుగుతున్నాడు గానీ — అక్కడికి రాలేడు.

వెళ్ళనంది. ఇక్కడే బాగుందంది.

నిజంగానే బాగుంది. అందరూ వెళ్ళిపోయే లోకంలో, రోజూ వచ్చే మనిషి ఒకడు. రావడమే. వెళ్ళడం లేదు.

వెళ్ళడం... లేదు.

*

ఆ మాట ముందు పట్టుకున్నది రత్నమాణిక్యంగారు.

“అమ్మాయ్, వచ్చిన అడుగులే చూస్తున్నాను. వెళ్ళినవి ఒక్కసారీ చూళ్ళేదు. రోజూ వచ్చే మనిషి... ఎక్కడుంటున్నాడే?”

దుర్గ నవ్వేసింది. ఎక్కడుంటే ఏం? ఉన్నాడు.

కానీ గోడలు చెమ్మగిల్లాయి. నడివేసవిలో సున్నం ఉబ్బి, పెచ్చులు లేచి, వాటి కింద ఉప్పు పూసింది. కుండలో నీళ్ళు ఉప్పగా మారాయి. దిండ్లు తడి. దుప్పట్లలో సన్నటి ఇసక. ఒక పొద్దున రత్నమాణిక్యంగారు దగ్గి దగ్గి, అరచేతిలోకి ఉమ్మి చూసుకుంది. తడి ఇసక. అందులో బియ్యపు గింజంత గవ్వ.

“కాకినాడ వెళ్ళకుండానే సముద్రస్నానం అయిపోయింది,” అంది. నవ్వింది. ఆ సాయంత్రానికి ఆవిడ ఒళ్ళు కాలిపోతోంది.

మర్నాడు మధ్యాహ్నం వార్డంతా కునుకుతున్నప్పుడు దుర్గ తలెత్తి చూసింది.

నాన్న.

గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అదే గళ్ళ లుంగీ. అదే నవ్వు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

పక్కన నాన్న. ఆ పక్కన నాన్న. తలుపు వెనక, బీరువా పక్కన, మంచాల మధ్య సందుల్లో... వచ్చిన ప్రతిరోజూ ఒక్కొక్కడుగా వచ్చి, వెళ్ళని నాన్నలు. అందరూ తడిసి. అందరూ నిలబడి. అందరూ దుర్గనే చూస్తూ.

భయం వేయాలి. వేయలేదు.

ఒక్క నాన్న కోసం ఏడ్చిన పిల్లకి, గది నిండా నాన్నలు.

అందరి ముఖాల్లోకి చూసింది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క నవ్వు నవ్వింది. ఆ మధ్యాహ్నం ఉన్నంత సుఖంగా ఆమె ఎప్పుడూ లేదు. పక్క మంచంలో దగ్గు మాత్రం... వినబడుతూనే ఉంది.

*

మరిడమ్మ వచ్చింది.

నుదుట బొట్టు, చేతులకి ఎర్రగాజులు. మనిషి దొరకలేదు గనక తీయలేదు. ఉంచుకోనూ లేదు — ఉన్నాయంతే. సంచిలో అరిసెలు తెచ్చింది. కూతురు తింటుంటే చూసింది. ఆ తర్వాత గాజులు సవరించుకుంటూ చెప్పింది.

“వచ్చే అమాసకి కర్మ చేసేద్దామంటన్నారే పెద్దోళ్ళు. దర్భలతో మనిషిని చేసి... మీ నాన్న పేరెట్టి... గోదారొడ్డున.”

దుర్గ నమలడం ఆపింది.

“నువ్వొద్దంటే నేనూ వద్దనేస్తాను. ఈ గాజులతోనే ఉండిపోతాను. నాకేం. నువ్వే చెప్పు.”

“నాన్న వస్తన్నాడమ్మా. రోజూ.”

మరిడమ్మ తల పక్కకి తిప్పుకుంది. డాక్టరమ్మ చెప్పింది, ఆ మాటకి అవుననీ కాదనీ అనొద్దని.

అలా తిప్పుకున్న తల, అలాగే ఉండిపోయింది.

గుమ్మంలో ఒక అడుగు పుట్టింది. తడిగా.

ఇంకొకటి.

ఇంకొకటి.

రత్నమాణిక్యంగారు జ్వరంలోనే కాళ్ళు ముడుచుకుంది. “రండి, రండి,” అంది నీరసంగా. “ఇవాళ మీ ఇంటావిడ కూడా వచ్చేరు.”

మరిడమ్మ గచ్చు మీదికి జారింది. కుడి అడుగు మీద అరచెయ్యి పెట్టింది. చిటికెన వేలు ఉండవలసిన చోట వేలితో తడిమింది. లంగరు తాడులో ఇరుక్కుని ఆ వేలు తెగిన రోజు పసుపద్ది గుడ్డ కట్టింది ఆమే. దుర్గ అప్పుడు కడుపులో ఉంది.

“ఎంత నడిచేవయ్యా,” అంది, గచ్చుతో. “మొగ దగ్గర్నించి రాజమండ్రి దాకా... కాళ్ళు నెప్పులెట్టలేదా.”

ఏడవలేదు. తల ఎత్తి కూతుర్ని అడిగింది.

“కూర్చోమన్నావా?”

“కూర్చోడమ్మా. నిలబడే ఉంటాడు.”

“ఉంటాడే.” మరిడమ్మ ఆ అడుగు మీంచి చెయ్యి తీయలేదు. “నువ్వు అలిగితే ఆ మనిషి గుమ్మం దాటేవాడా ఎప్పుడైనా? పడవోళ్ళు కేకలేస్తన్నా, నువ్వు వెళ్ళిరా అనేదాకా నిలబడేవాడు. వేట పోయినా సరే.”

ఆవేళొక్కటే దాటాడు.

దుర్గ ఆ మాట చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. కానీ గది చుట్టూ చూసింది. ఇన్నాళ్ళూ ముఖాలే చూసింది. నవ్వులే చూసింది.

ఇప్పుడు కాళ్ళు చూసింది.

నానిపోయిన కాళ్ళు. తెల్లగా ఉబ్బి, చర్మం పొరలు పొరలుగా విడిపోతున్న కాళ్ళు. ఎన్నాళ్ళ నుంచో నిలబడి ఉన్న కాళ్ళు. ఇంత తడిలో నిలబడి, గది నిండా నాన్నలు — ఒక్క మాట కోసం. ఆరోజు అరుగు మీద ఆమె అనని మాట కోసం.

ఆమె రమ్మంటే రావడం లేదు అతను. పొమ్మంటే పోదామని వస్తున్నాడు.

పక్క మంచంలో రత్నమాణిక్యంగారు దగ్గుతోంది. దగ్గుతోంది. దిండు మీద ఇసక.

దుర్గ మంచం దిగింది. గచ్చు చల్లగా తగిలింది, ఒడ్డున అలలు వెనక్కి వెళ్ళిన ఇసకలా.

అంటే పోతాడు.

అనకపోతే నిలబడే ఉంటాడు. ఎప్పటికీ.

ఆ ‘ఎప్పటికీ’ ఎంత బాగుంది... ఎంత బాగుంది!

“వెళ్ళి...”

అమ్మ చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. గాజులు ఒక్కసారి మోగాయి.

“వెళ్ళిరా నాన్నా.”

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత గోడ దగ్గర నాన్న, వెనక్కి తిరిగాడు. బీరువా పక్కన నాన్న, వెనక్కి తిరిగాడు. గచ్చు మీద వేళ్ళు గుమ్మం వైపుకి ఉన్న అడుగులు. మొదటిసారి. ఒకదాని మీద ఒకటి, ఒకదానిలో ఒకటి, వార్డంతా చిన్న చిన్న తడి చప్పుళ్ళు... వాన వెలిసాక చూరు కారినట్టు.

ఉప్పు వాసన పల్చబడింది. కిటికీలోంచి వేపపూల వాసన లోపలికొచ్చింది.

రత్నమాణిక్యంగారు పొడిగా ఒక్కసారి దగ్గి, పక్కకి తిరిగి పడుకుంది. నిద్ర పట్టింది.

*

చిట్టెమ్మ చీపురుతో వచ్చింది. గచ్చంతా చూసింది. తల్లీకూతుళ్ళని చూసింది. ఏమీ అడక్కుండా చీపురు గోడకి ఆనించి, గుమ్మం పక్కన చతికిలబడింది.

“బస్సు పోతదేమోనే,” అంది మరిడమ్మ.

“ఆరనీ అమ్మా.”

కూర్చున్నారు. అరిసెలు చిట్టెమ్మకి కూడా పెట్టారు. బెల్లం పాకం బాగా కుదిరిందంది చిట్టెమ్మ. ఏ బియ్యమని అడిగింది. మరిడమ్మ చెప్పింది. ఎండ కిటికీ దిగి, గచ్చు మీదికొచ్చి, ఒక్కొక్క అడుగునే తడుముతూ పోయింది. ఒకటి ఆరింది. ఇంకొకటి ఆరింది. ఉప్పు గీతలు కూడా మిగల్లేదు. దుర్గకి ఎందుకో ఆకలేసింది. ఇంకో అరిసె తీసుకుంది.

అన్నీ ఆరాయి.

గుమ్మం మీద ఒక్కటి తప్ప.

కుడికాలిది. చిటికెన వేలు లేనిది. ఎండంతా దాని మీదే పడి కళ్ళు చెదురుతున్నాయి. వేళ్ళు బయటికున్నాయో, లోపలికున్నాయో... దుర్గ కళ్ళు చికిలించి చూసింది. తెలియలేదు. లేచి వెళ్ళి చూడొచ్చు. లేవలేదు.

ఎక్కడో రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.

“ఊడ్చేయనా?” చిట్టెమ్మ మెల్లగా అడిగింది.

“ఇంకాసేపు అత్తా.”

“ఆయ్. నాకేమైనా రైలు పోతందేంటి.”

ముగ్గురూ చూస్తున్నారు.

తడి అడుగు. ఒక్కటే.

ఆరుతోంది...

ఆరుతోందనే అనుకుంది దుర్గ.