ఎందుకు కొట్టేశారక్కా?

"ఈ వాక్యం ఇంకా మొహం కడుక్కోలేదే పిల్లా," అంటూ పెద్దక్క తెరమీది వరుసను కొట్టేసింది. పక్కన కూర్చున్న కొత్తమ్మాయి కిసుక్కున నవ్వింది.

"ఎందుకు కొట్టేశారక్కా?"

కంపెనీ ఖాతాదారులకు ఉత్తరాలు రాసే ఆ గదిలో అందరికీ ఆవిడ పెద్దక్కే. కళ్లజోడు ముక్కు చివరికి జారినా పైకి తోసుకోదు. గడ్డం ఎత్తి చదువుతుంది. క్షమాపణ ఉత్తరం రాసినవాళ్లు పైకి చదవాలి, తను కోపమొచ్చిన ఖాతాదారులా గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఇటు తిరిగిందంటే ఉత్తరం గట్టెక్కినట్టే. ఇవాళ కొత్తమ్మాయి ఉత్తరానికి పొద్దున్నే తిరిగింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. కిటికీలోంచి ఎండ వచ్చి ఇద్దరి చేతులమీదా పడింది.

కొట్టేసిన ప్రతి మాటకూ ఆ పిల్ల కారణం అడిగేది, గబగబా టైపు చేసుకునేది. 'ఎంత ఆకలే దీనికి!' అని పెద్దక్క ఇంట్లో మొగుడికి చెప్పి మురిసిపోయేది.

మధ్యాహ్నం మేనేజరు అందరినీ పిలిచి కొత్త ఏఐని చూపించాడు. దానికో ఉత్తరం ఇచ్చాడు. తెరమీద జవాబు వచ్చింది: "ఈ వాక్యం ఇంకా మొహం కడుక్కోలేదే పిల్లా."

అందరూ గొల్లుమన్నారు. పెద్దక్క కూడా నవ్వబోయి ఆగిపోయింది. కింద వరసగా కారణాలు. అన్నీ తనవే.

"అంతా మీ చలవే మేడం! మీరు చెప్పినవన్నీ ఈ అమ్మాయి ఓపిగ్గా ఇందులోకి ఎక్కించింది. ఇక మీరు హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు," అన్నాడు మేనేజరు.

వరండాలోకి వెళ్లిపోయిన పెద్దక్క వెనకే అమ్మాయి పరిగెత్తింది.

"మొదటినుంచీ తెలుసా నీకు?"

"తెలుసక్కా. ఎక్కిస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు."

"చేశారా?"

"లేదు. ఇక కొత్తవాళ్లే అక్కర్లేదట. నన్నూ వెళ్లిపొమ్మన్నారు."

"చెప్పి అడిగుంటే ఇచ్చేదాన్ని కదే! నేర్చుకుంటున్నావనుకున్నాను."

"నేర్చుకున్నానక్కా. ఒట్టు."

"నేర్చుకుని? ఎవరికి నేర్పుతావు?"

పిల్ల కుళాయి దగ్గరికి పరిగెత్తింది. ఏడ్చి, మొహం కడుక్కుని గదిలోకి వచ్చేసరికి పెద్దక్క సంచీ లేదు, చెప్పులు లేవు. ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయింది.

అమ్మాయి బల్లమీద టీ కప్పు ఒకటి ఉంది, చల్లారిపోకుండా పైన సాసరు మూసి.