బిగబట్టి ఇచ్చిన కొలత

ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పందెంలో పోయినేడాది ఇన్సూరెన్సు ఆఫీసరు కంటే అతని బావమరిది ముందొచ్చాడు. అక్కడితో ఊరుకున్నాడా? ఇంటికొచ్చినప్పుడల్లా "ఏం బావా, ఇంకా చేరలేదా?" అని ఒకటే ఎకసెక్కం. ఆఫీసరుకి ఒళ్లు మండిపోయింది. ఈసారి వాణ్ణి దాటకపోతే తన బతుకెందుకు అనుకున్నాడు.

పందేనికి వారం ముందు కొత్త సైకిలు కొని, దాన్ని మనిషి ఒంటికి తగ్గట్టు అమర్చే ఫిట్టరమ్మ దగ్గరికి పట్టుకెళ్లాడు. ఆవిడ సైకిల్ని స్టాండుకు బిగించి, అతన్ని ఎక్కించి, టేపు తీసింది. పక్కనే నిలువుటద్దం. అందులో తన పొట్ట కనబడగానే ఆఫీసరు దాన్ని చటుక్కున లోపలికి లాక్కున్నాడు.

"మామూలుగా కూర్చోండి సార్."

"ఇదే మామూలు," అన్నాడు ఊపిరాడక.

"పొట్ట వదలండి. కొలత తప్పుతుంది."

"ఏ పొట్ట?"

ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం! ఆ కొలత ప్రకారమే సీటు ముందుకు జరిపి, హ్యాండిలు బాగా కిందికి దించింది.

పందెం రోజు నీళ్లలోంచి బావమరిది కంటే ముందే బయటపడ్డాడు. సైకిలెక్కాడు. అయితే పొట్టను ఎంతసేపని బిగబడతాడు? నాలుగో కిలోమీటరు దగ్గర అది కాస్తా బయటికొచ్చేసింది. ఇక తొక్కినప్పుడల్లా మోకాలు వచ్చి దాన్ని పొడవడమే. వంగలేక లేచి కూర్చుంటే బరువంతా సీటు ముక్కు మీద పడి, కూర్చునే చోటు మొద్దుబారిపోయింది. వల్లకాక రోడ్డు పక్కన దిగిపోయాడు.

వెనకే వచ్చిన బావమరిది ఆగాడు. "ఏమైంది బావా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది గాని, చెప్పే ఓపిక లేదు. "కొలతప్పుడు పొట్ట బిగబట్టానురా."

పడీపడీ నవ్వుతాడనుకున్నాడు. బావమరిది నవ్వకుండా జేబులోంచి బోల్టులు తిప్పే అలెన్ కీ తీశాడు. "పోయినేడు నేనూ అదే పని చేశాలే. అప్పట్నుంచి ఇది లేకుండా బయల్దేరను." హ్యాండిలు రెండంగుళాలు పైకి లేపి, సీటు ముక్కు కాస్త వంచాడు. "ఎక్కి చూడు."

ఎక్కాడు. అబ్బ, ఎంత హాయి! ఆ హాయిలో వెనక్కైనా చూడకుండా తొక్కుకుంటూ పోయాడు. బావమరిది ఇంకా కీ జేబులో పెట్టుకుంటూనే ఉన్నాడు.

పరుగు కూడా అయ్యాక, పందెం ముగిసేచోట భార్య ఎదురొచ్చింది. "మా తమ్ముడేడండీ?"

"వెనకున్నాడు. నేనే ముందొచ్చా."

ఏడాదిగా ఆ మాట కోసమే బతికాడు. తీరా అనేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమె మంచినీళ్ల సీసా అందించింది.

"ముందు వాడికివ్వు," అన్నాడు. "నాకోసం ఆగాడు."